హ్యాకింగ్ నేర్చుకోవాలంటే ముందు ఏ లాంగ్వేజ్ పట్టుకోవాలి?

ఎటూ తేల్చుకోలేకపోతుంటే పైథాన్‌తో మొదలుపెట్టేయండి. జావానా, రూబీనా, సీ ప్లస్ ప్లస్సా అని నెలల తరబడి వీడియోలు చూస్తూ కూర్చునేవాళ్ళు బోలెడుమంది, ఆ టైమ్‌లో ఏదో ఒకటి సగం వచ్చేసి ఉండేది.

పైథానే ఎందుకంటే, ఈ పనిలో రోజూ రాసేవి చాలావరకు చిన్న చిన్న స్క్రిప్టులే. ఒక మెషీన్‌లో ఏ పోర్టులు (నెట్‌వర్క్ కనెక్షన్లు వచ్చే నంబర్ల తలుపులు) తెరిచి ఉన్నాయో చూడాలనుకోండి. పైథాన్‌తో పాటే వచ్చే సాకెట్ మాడ్యూల్ తీసుకుని, 1 నుంచి 9000 దాకా లూప్ పెట్టి, ఒక్కో పోర్టుకి కనెక్ట్ అవ్వమనడం, అయితే ఆ నంబర్ ప్రింట్ చేయించడం, అంతే. పది పన్నెండు లైన్లలో అయిపోతుంది. మీ సొంత కంప్యూటర్ మీదే, అంటే 127.0.0.1 మీద నడపండి. ఏమీ దొరక్కపోతే ఇంకో విండోలో పైథాన్‌లోనే ఉన్న చిన్న వెబ్ సర్వర్‌ని ఆన్ చేసి మళ్ళీ నడపండి, అది మామూలుగా 8000 మీద ఉంటుంది, ఈసారి మీ స్క్రిప్టుకి చిక్కాలి. చిక్కాక, కనెక్ట్ అయినప్పుడు లోపల ఏం జరిగిందో, నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటాని చూపించే వైర్‌షార్క్‌లో చూడండి. లాంగ్వేజ్ కన్నా అసలు నేర్చుకోవాల్సింది అదే. ఎస్‌క్యూఎల్‌మ్యాప్, స్కేపీ లాంటి హ్యాకింగ్ టూల్స్ కూడా పైథాన్‌లో రాసినవే కాబట్టి, కొంచెం చెయ్యి తిరిగాక వాటి కోడ్ తెరిచి చదువుకోవచ్చు.

ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుంటే పైథాన్ నడుస్తుంది, లైనక్స్ కమాండ్లూ అలవాటవుతాయి. చిన్న స్క్రీన్ మీద టైప్ చేయడం చిరాకే, కానీ మొదటి రెండు మూడు నెలలకి సరిపోతుంది. ఆ కమాండ్లు రాసే బ్యాష్ కోసం విడిగా కోర్సు అక్కర్లేదు, ఓవర్‌ద‌వైర్ వాళ్ళ బ్యాండిట్ అనే ఆట ఉచితం, ఒక్కో లెవెల్ దాటుతుంటే దానంతటదే వస్తుంది.

మీ మనసు వెబ్‌సైట్ల మీద, బగ్ బౌంటీల (లోపాలు కనిపెట్టి చెబితే కంపెనీలిచ్చే బహుమతుల) మీద ఉంటే మాత్రం పైథాన్ బేసిక్స్ అవ్వగానే జావాస్క్రిప్ట్‌కి రండి, పక్కన కాస్త ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) కూడా. లోపమున్న సైట్ లాగిన్ బాక్సులో ఒక్క సింగిల్ కోట్ (') కొడితే పేజీ ఎందుకు ఎర్రర్ ఇస్తుందో ఎస్‌క్యూఎల్ తెలియనివాడికి అర్థం కాదు, టూల్ చెప్పిందే వేదం అనుకుంటాడు. ప్రాక్టీసుకి పోర్ట్‌స్విగ్గర్ వాళ్ళ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ల్యాబులు ఉచితం. వేలు పోసి కోర్సు కొనేముందు అవి చేయండి.

ఇక సీ. బీటెక్ ఫస్టియర్‌లో చాలామంది పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసిన సబ్జెక్టు ఇది. ల్యాబ్‌లో పేరు చదవడానికి గెట్స్ అనే ఫంక్షన్ వాడి ఉంటారు, గుర్తుందా? మీరిచ్చిన జాగా ఎంతో అది చూసుకోదు, ఎంత వస్తే అంతా తెచ్చి మెమొరీలో కుక్కేస్తుంది. 1988లో మోరిస్ వార్మ్ (తనంతట తానే కంప్యూటర్లకి పాకే ప్రోగ్రామ్) వాడుకున్న దారుల్లో ఇదొకటి: ఫింగర్ అనే సర్వర్ 512 బైట్లకి చోటు పెట్టుకుంటే, వార్మ్ 536 పంపింది. ఆ పొంగిపోయిన బైట్లు ఫంక్షన్ తిరిగి ఎక్కడికి వెళ్ళాలో చెప్పే అడ్రస్‌ని మార్చేశాయి, దాంతో సర్వర్ వార్మ్ పంపిన కోడ్‌నే నడిపింది. గెట్స్‌ని చివరికి 2011 ప్రమాణంలో సీ నుంచే తీసేశారు. ఇలాంటివి చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంటే మీది సీ, అసెంబ్లీ (ప్రాసెసర్ సూచనలకి దగ్గరగా ఉండే భాష) దారి. అయినా మొదటి లాంగ్వేజ్‌గా వద్దంటాను, మెమొరీ అడ్రస్‌లతో ఆడే పాయింటర్ల దగ్గరే సగంమంది జారుకుంటారు. ఇప్పటికే సీ గానీ జావా గానీ బాగా వచ్చినవాళ్ళకి ఈ గొడవే లేదు, పైథాన్ వారం పది రోజుల్లో చేతికొస్తుంది.

కాలేజీ వైఫై, పక్కింటివాళ్ళ రౌటర్ మీద మాత్రం ప్రయోగాలు వద్దు. మన ఐటీ చట్టం, 2000 ప్రకారం అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లోకి దూరితే సెక్షన్ 43 కింద నష్టపరిహారం కట్టాలి, దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద 3 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీ కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్‌ప్లాయిటబుల్ మెషీన్ వేసుకుని, దాన్ని ఎంత కావాలంటే అంత పగలగొట్టండి.