బొంత ముక్కలకి అట్ట అచ్చులు ఇంట్లోనే చేసుకోండి

పాత చీరలతో ముక్కల బొంత కుడదామని కూర్చున్నవాళ్ళు చాలామంది మొదటి ముక్కని స్కేలు పెట్టి చక్కగా కత్తిరిస్తారు, రెండోదానికి ఆ మొదటి ముక్కనే కొలతగా పెట్టుకుంటారు, మూడోదానికి రెండోదాన్ని. పదో ముక్కకి వచ్చేసరికి మొదటిదానితో పొంతనే ఉండదు. బట్ట సాగుతుంది, కత్తెర ప్రతిసారీ వెంట్రుకవాసి బయటికి జరుగుతుంది మరి. వరసకి తొమ్మిది ముక్కలున్న బొంతలో ఒక్కో ముక్క ఒక మిల్లీమీటరు పెరిగినా ఆ వరస పక్కదానికంటే దాదాపు సెంటీమీటరు పొడుగొచ్చేస్తుంది, ఇంక దాన్ని లాగీ పీకీ కుట్టడమే. ఈ గొడవేం లేకుండా మొదట ఒక అచ్చు చేసుకుని అన్ని ముక్కలూ దానితోనే గీసుకోండి.

శుభలేఖల అట్ట బాగా పనికొస్తుంది, కాకపోతే పెన్సిల్ రాపిడికి దాని అంచు మెత్తబడి మూలలు గుండ్రంగా అయిపోతాయి కాబట్టి ఒకేసారి మూడు నాలుగు చేసి పెట్టుకోండి, పాడైనదాన్ని పారేసి కొత్తది తీసుకోవచ్చు. నా ఓటు మాత్రం పాత ఎక్స్‌రే షీటుకే. కత్తెరకి సులువుగా తెగుతుంది, అంచు అరగదు. చీరలో పువ్వు గానీ మామిడి పిందె గానీ ముక్క మధ్యలోకి రావాలంటే కింద బట్ట కనపడాలి కదా, అప్పుడు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైలు కవరో స్వీట్ బాక్స్ మూతో తీసుకోండి. ఏది కత్తిరించినా బట్టల కత్తెర మాత్రం ముట్టుకోవద్దు, అట్ట కోస్తే దాని పదును పోతుంది.

ఇక కొలత. కుట్టాక ముక్క నాలుగంగుళాలు కనపడాలంటే నాలుగు వైపులా కుట్టుకి పావంగుళం చొప్పున వదలాలి, అంటే అచ్చు నాలుగున్నర అంగుళాల చదరం. మూలలు సరిగ్గా వచ్చాయా లేదా అన్నది కంటికి తెలీదు, ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా కొలవండి. రెండు ఐమూలలూ 6 అంగుళాల 3/8 వస్తే చదరం సరిగ్గా ఉన్నట్టే, ఒకటి పెరిగి ఇంకోటి తగ్గితే అది పక్కకి ఒరిగిందని. పెన్సిల్ ముల్లులా చెక్కుకోండి, మొద్దు పెన్సిల్ గీత మందమే లెక్క చెడగొడుతుంది.

త్రికోణం దగ్గరే అందరూ బోల్తా పడతారు. రెండు త్రికోణాలు కలిపితే నాలుగంగుళాల చదరం రావాలి కదా అని నాలుగున్నర చదరాన్ని ఐమూలగా కోస్తే ముక్క చిన్నదైపోతుంది, ఎందుకంటే ఆ ఐమూల కుట్టుకి కూడా పావంగుళం పోతుంది, సన్నటి మొనల దగ్గర ఇంకా ఎక్కువ కావాలి. నాలుగంగుళాలకి అర కాదు, 7/8 అంగుళం కలిపిన చదరాన్ని ఐమూలగా కొయ్యాలి. లెక్కలు విసుగనిపిస్తే ముందు నాలుగంగుళాల త్రికోణం గీసి, మూడు గీతలకీ బయటివైపు పావంగుళం దూరంలో సమాంతరంగా ఇంకో మూడు గీతలు గీయండి, అవి ఒకదాన్నొకటి కలిసేదాకా పొడిగించి, ఆ బయటి గీతల వెంబడి కత్తిరిస్తే సరి. ఏ ఆకారానికైనా ఈ పద్ధతి పనిచేస్తుంది.

ఆరు పలకల ముక్కలైతే వృత్తలేఖిని చాలు. వృత్తం గీసి, వృత్తలేఖిని వెడల్పు మార్చకుండా చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే సరిగ్గా ఆరు వస్తాయి, వాటిని కలిపేయడమే.

అచ్చు మీద తప్పకుండా ఒక బాణం గుర్తు వెయ్యండి, పడుగు, అంటే బట్ట పొడుగునా పోయే దారాలు, ఎటుండాలో తెలియడానికి. చీరలో పడుగు అంచు వెంబడే పోతుంది కాబట్టి బాణాన్ని అంచుకి సమాంతరంగా పెడితే చాలు. త్రికోణానికి పొట్టి వైపు ఒకటి పడుగు వెంట ఉండేలా పెట్టండి, పొడుగు వైపు ఎలాగూ క్రాస్‌లో, అంటే దారాలకి ఐమూలగా వస్తుంది, అది సాగుతుంది, కుట్టేటప్పుడు లాగకండి. మంగళగిరి లాంటి నేత చీరల్లో మధ్య భాగం సాదాగా ఉంటుంది, ముక్కలకి హాయి. చీర ఎన్నిసార్లు ఉతికినదైనా ఇంకోసారి తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే గీయండి.

అచ్చు జారిపోతోందా? పెయింటర్లు వాడే గరుకు కాగితం చిన్న ముక్క దాని అడుగున అతికించండి, బట్టని పట్టేసుకుంటుంది. గీత అచ్చుకి బయట పడుతుంది కాబట్టి కత్తెర గీతకి లోపలి అంచున నడవాలి, గీత వ్యర్థంతో పాటు పోవాలి. చేత్తో కుట్టేవాళ్ళకి ఇదంతా తిరగబడుతుంది: అచ్చు అసలు సైజులోనే ఉండాలి, గీసిన గీతే కుట్టు గీత, దాని బయట పావంగుళం ఉజ్జాయింపుగా వదిలి కోసేస్తే చాలు.

చంటిపిల్లల బొంత 36 అంగుళాల వెడల్పు, 48 పొడుగు అనుకుంటే నాలుగంగుళాల చదరాలు 108 పడతాయి. అన్నీ కోసెయ్యకుండా ముందు నాలుగే కోసి కలిపి కుట్టి చూడండి, ఎనిమిదిన్నర అంగుళాల చదరం రావాలి. తక్కువొస్తే అచ్చుని మళ్ళీ కొలవండి. అచ్చు సరిగ్గానే ఉంటే తేడా మిషను దగ్గర ఉన్నట్టు, మీ కుట్టు పావంగుళం దాటుతోంది. అచ్చులో అంచుకి పావంగుళం లోపల ఒక గీత గీసి, సూది సరిగ్గా ఆ గీత మీద దిగేలా దాన్ని పాదం కింద పెట్టి, అచ్చు అంచు ఎక్కడుందో అక్కడ మిషను పలక మీద టేపు ముక్క అతికించేయండి. ఇక ఆ టేపు వెంబడే బట్ట నడిపించడం. ప్రతి అచ్చు మీదా కోసే సైజు, కుట్టాక వచ్చే సైజు రెండూ రాసి, మూలకి చిల్లు పెట్టి అన్నిటినీ ఒక దారానికి గుచ్చి మిషను పక్కనే తగిలించండి.