పీసీడీ కలిసింది సరే, రిమ్ కూర్చుంటుందా?

సెకండ్ హ్యాండ్ కారు అల్లాయ్ చక్రాల (రిమ్‌ల) బేరంలో మొదట వినిపించే అంకె 4×100. బోల్టు రంధ్రాలు నాలుగు, వాటి మధ్యబిందువుల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ. ఈ వ్యాసమే పీసీడీ (పిచ్ సర్కిల్ డయామీటర్). మారుతి స్విఫ్ట్‌దీ 4×100, హోండా సిటీదీ 4×100. అందుకని సిటీ అల్లాయ్‌లు స్విఫ్ట్‌కి పడతాయనుకుంటారు. చిక్కంతా అక్కడే.

ముందు కొలత. నాలుగు రంధ్రాల రిమ్‌కి ఎదురెదురు రంధ్రాలు చూడాలి. ఒకదాని ఎడమ అంచు నుంచి ఎదుటిదాని ఎడమ అంచుకు కొలిస్తే మధ్యబిందువులను వెతికే పని ఉండదు. ఐదింటికి ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రంధ్రాల దూరాన్ని 1.701తో గుణించండి. ఆ దూరం 67.2 అయితే పీసీడీ 114.3, 65.8 అయితే 112. టేపుతో ఇంత సన్నటి తేడా తేలదు, వెర్నియర్ కాలిపర్ ఉండాల్సిందే. కొద్ది తేడాయే కదా అని బిగిస్తే నట్టు ఒక పక్కే ఆనుతుంది, స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) మీద వంపు ఒత్తిడి పడుతుంది. పోనుపోను నట్లు వదులవుతాయి, స్టడ్ తెగనూ వచ్చు.

తర్వాత మధ్య రంధ్రం. స్విఫ్ట్ హబ్ (రిమ్ మధ్య రంధ్రంలో దూరే కారు భాగం) 54.1 మి.మీ., సిటీ రిమ్ బోరు, అంటే మధ్య రంధ్రం, 56.1. రిమ్ సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. బయట 56.1, లోపల 54.1 ఉన్న హబ్ రింగులు నాలుగు వేయాలి. స్విఫ్ట్ రిమ్ మాత్రం సిటీ హబ్‌కి అసలు ఎక్కదు.

ఎక్కువమంది బోల్తాపడేది నట్ల దగ్గర. స్విఫ్ట్ స్టడ్ మర 12×1.25 (వ్యాసం 12 మి.మీ., మర చుట్ల మధ్య దూరం 1.25 మి.మీ.), సిటీది 12×1.5. సిటీ నట్టును స్విఫ్ట్ స్టడ్ మీద గన్‌తో ఎక్కిస్తే మర చితికిపోతుంది. ఏ నట్టయినా మొదట చేత్తోనే తిప్పండి; స్విఫ్ట్ స్టడ్ మీద కనీసం పది చుట్లు పట్టాలి. పైగా సిటీ కంపెనీ అల్లాయ్‌ల సీటు (నట్టు ఆనే చోటు) గుండ్రం, స్విఫ్ట్ నట్లు కోన్. అంటే కావాల్సింది 12×1.25 మరతో గుండ్రటి సీటు నట్లు 16. అవి దొరకకపోతే ఆ బేరం వదిలేసి కోన్ సీటు అల్లాయ్‌లు చూసుకోవడమే మంచిది.

వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ వెడల్పు మధ్యగీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా దూరం, మి.మీ.లో) రిమ్ మీదే అచ్చుపోసి ఉంటాయి. ఆఫ్‌సెట్‌కు ముందు ఈటీ అని ఉంటుంది. 5 అంగుళాలు, ఈటీ 45 రిమ్ తీసి 6 అంగుళాలు, ఈటీ 38 వేస్తే రిమ్ బయటి అంచు 19.7 మి.మీ. బయటికి, లోపలి అంచు 5.7 మి.మీ. లోపలికి జరుగుతుంది.

బిగించే ముందు హబ్ మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకేయండి. నట్లు ఎదురెదురుగా బిగించి, కారు దించాక మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) ఇవ్వండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరు ఎక్కడా తగలట్లేదని చూసుకోండి. 100 కి.మీ. లోపు మళ్లీ టార్క్ చూడాలి. స్టెప్నీ పాత ఇనుప రిమ్మే అయితే పాత కోన్ నట్లు నాలుగు డిక్కీలో ఉంచండి, గుండ్రటి నట్లు దానికి పనికిరావు.