థైరాయిడ్ ఎక్కువా, తక్కువా? లక్షణం నుంచి మందు దాకా

రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) ఎక్కువ అని చూడగానే చాలామంది "థైరాయిడ్ పెరిగింది" అనుకుంటారు. అసలు సంగతి దానికి తలకిందులు. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. మెడలోని థైరాయిడ్ సరిపడా హార్మోన్ ఇవ్వకపోతే పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచి దాన్ని తొందరపెడుతుంది. హార్మోన్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ ఇవ్వడం దాదాపు ఆపేస్తుంది. అంటే టీఎస్‌హెచ్ పెరిగితే సాధారణంగా హైపో (థైరాయిడ్ హార్మోన్ తక్కువ), బాగా పడిపోతే హైపర్ (హార్మోన్ ఎక్కువ).

పెద్దవాళ్లలో టీఎస్‌హెచ్ లీటరుకు సుమారు 0.4 నుంచి 4 మిల్లీయూనిట్ల మధ్య ఉండాలి. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి, వయసు పైబడినవాళ్లలో కాస్త ఎక్కువున్నా మామూలే. మొదట టీఎస్‌హెచ్ ఒక్కటి చేయిస్తే చాలు. తేడా కనిపిస్తే ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ బాగా తగ్గి ఉంటే ఫ్రీ టీ3 కూడా చేయించాలి. టీ4, టీ3 రెండూ థైరాయిడ్ ఇచ్చే హార్మోన్లే. ఒక్క అంకె చూసి మందు మొదలుపెట్టడం, డోసు మార్చడం మాత్రం వద్దు.

సమస్య: నీరసం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, బరువు పెరగడం

వీటికి తోడు చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో రక్తస్రావం ఎక్కువవడం, నాడి నెమ్మదించడం ఉంటే హైపో అనుమానించాలి. డాక్టరు మడమ పైన ఉండే స్నాయువును చిన్న సుత్తితో తడితే పాదం కిందికి కదిలి, మళ్లీ తన చోటికి చాలా నెమ్మదిగా వస్తుంది. హైపో ముదిరినవాళ్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కొలెస్ట్రాల్ ఉన్నట్టుండి పెరిగినా టీఎస్‌హెచ్ చూడాల్సిందే. బరువు విషయంలో ఒక మాట: హైపో వల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. అంతకు మించి పెరిగితే వేరే కారణం కూడా వెతకాలి.

అయోడిన్ సరిపడా అందే చోట్ల ప్రధాన కారణం హషిమోటో వ్యాధి. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తుంది. టీపీఓ యాంటీబాడీ పాజిటివ్ వస్తే అది తెలుస్తుంది. థైరాయిడ్ తీసేసిన ఆపరేషన్, రేడియో అయోడిన్ చికిత్స (రేడియోధార్మిక అయోడిన్‌తో గ్రంథిని అణచడం), లిథియం (మానసిక జబ్బుకు), అమియోడరోన్ (గుండె లయకు) వంటి మందులు మిగతా కారణాలు.

టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మందు మొదలుపెడతారు. అది 4 నుంచి 10 మధ్య ఉండి ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే తొందరపడొద్దు. రెండు మూడు నెలలాగి టీపీఓతో కలిపి మళ్లీ చేయించండి. జ్వరం వంటి జబ్బు నుంచి కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కాస్త పెరిగి తానే దిగిపోవచ్చు. గర్భిణులకు, గర్భం కోరుకునేవాళ్లకు ఈ ఆగడం వర్తించదు.

మందు లీవోథైరాక్సిన్, అంటే మాత్ర రూపంలోని టీ4. గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయనప్పుడు కిలో బరువుకు రోజుకు 1.6 మైక్రోగ్రాములు లెక్క. 60 కిలోల మనిషికి 96 వస్తుంది, అంటే 100 మైక్రోగ్రాముల మాత్ర. టీఎస్‌హెచ్ కొద్దిగానే పెరిగినవాళ్లకు ఇంత అక్కర్లేదు. వయసు పైబడినవాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెట్టి, ఆరేసి వారాలకు మెల్లగా పెంచుతారు. ఒక్కసారిగా పూర్తి డోసు ఇస్తే గుండె వేగం పెరిగి, ఆక్సిజన్ చాలక ఛాతీనొప్పి రావచ్చు.

సమస్య: మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదు

డోసు పెంచే ముందు మాత్ర ఒంటికి పడుతోందో లేదో చూడాలి. వరసగా ఇవి సరిచూసుకోండి.

మొదటిది, వేసుకునే వేళ. పరగడుపున, మంచినీళ్లతో, ఏదైనా తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు. కాఫీ కూడా ఆ తర్వాతే, ఎందుకంటే అది మాత్ర ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. పొద్దున కుదరకపోతే రాత్రి తిన్న మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు. ఏ వేళైనా సరే, రోజూ అదే వేళ.

రెండోది, పక్కన వేసుకునే మందులు. కాల్షియం, ఐరన్ మాత్రలు కడుపులో లీవోథైరాక్సిన్‌ను పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మల్టీవిటమిన్‌లో ఈ రెండూ ఉండొచ్చన్నది చాలామందికి తట్టదు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లం తగ్గించడంతో మాత్ర సరిగా కరగదు. ఇక్కడ ఎడం పాటించినా ఉపయోగం ఉండదు, కొందరికి డోసు పెంచాల్సి వస్తుంది. సోయా ఎక్కువగా తీసుకునేవాళ్లూ ఎడం పాటించాలి.

మూడోది, పరీక్ష చేయించిన సమయం. టీ4 ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. డోసు మార్చాక కొత్త స్థాయి కుదురుకుని, దానికి తగ్గట్టు టీఎస్‌హెచ్ మారడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. మూడు వారాలకే పరీక్ష చేయించి మళ్లీ డోసు మారిస్తే ఈసారి టీఎస్‌హెచ్ కిందికి దూకుతుంది, ఆపైన తగ్గిస్తే పైకి లేస్తుంది. నెలల తరబడి ఊగిసలాడే రిపోర్టుల వెనుక తరచూ ఉండేది ఈ తొందరే.

నాలుగోది, మానేసిన రోజులు. టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 కూడా హద్దు పైన కనిపిస్తే మొదట అడగాల్సింది ఇదే. పరీక్షకు ముందు నాలుగు రోజులు మాత్రం క్రమంగా వేసుకుంటే రక్తంలో టీ4 పెరిగిపోతుంది, టీఎస్‌హెచ్ మాత్రం గడిచిన వారాల లోటునే చూపిస్తూ ఉంటుంది. నిజం చెబితే డాక్టరు అనవసరంగా డోసు పెంచరు. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, దానికోసం కంగారు అక్కర్లేదు.

ఇవన్నీ సరిగా ఉన్నా దిగకపోతే సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం), కడుపులో హెలికోబ్యాక్టర్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్, కడుపు లోపలి పొర పలచబడటం వంటివి వెతకాలి. మాత్రలు 25 డిగ్రీల లోపు, తేమ, వెలుతురు తగలని చోట ఉంచండి. బ్రాండ్ మారితే ఆరు వారాలకు టీఎస్‌హెచ్ ఒకసారి చూసుకోవాలి.

సమస్య: బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండె దడ, వణుకు, చెమటలు

చేతులు ముందుకు చాచి వేళ్ల మీద పలచటి కాగితం పరిచి చూడండి. హైపర్ ఉంటే కాగితం అంచు సన్నగా, వేగంగా అదురుతుంది. వయసు మళ్లినవాళ్లలో వణుకు, ఆదుర్దా లేకుండా కేవలం గుండె లయ తప్పడం, బరువు తగ్గడం, నీరసమే ఉండొచ్చు. దాన్ని ముసలితనం కింద కొట్టిపారేయొద్దు.

టీఎస్‌హెచ్ పడిపోయి ఫ్రీ టీ4 లేదా టీ3 పెరిగితే హైపర్ ఖాయం. అయితే అక్కడితో ఆగకూడదు. గ్రంథి కొత్తగా ఎక్కువ హార్మోన్ తయారుచేస్తోందా, లేక వాపు వల్ల నిల్వ ఉన్నది బయటికి కారుతోందా? చికిత్స అంతా దీని మీదే ఆధారపడుతుంది. గ్రంథిని రెచ్చగొట్టే టీఆర్ఏబీ యాంటీబాడీ పాజిటివ్ వస్తే గ్రేవ్స్ వ్యాధి. రాకపోతే అయోడిన్ లేదా టెక్నీషియం స్కాన్ చేయాలి. గ్రంథి అంతా ఎక్కువ పీల్చుకుంటే గ్రేవ్స్, ఒక గడ్డ మాత్రమే పీల్చుకుంటే టాక్సిక్ నాడ్యూల్, అసలు పీల్చుకోకపోతే థైరాయిడైటిస్, అంటే గ్రంథి వాపు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అయోడిన్ స్కాన్ చేయరు.

థైరాయిడైటిస్‌లో కార్బిమజోల్ ఇస్తే ప్రయోజనం లేదు. ఆ మందు కొత్త హార్మోన్ తయారీని ఆపుతుంది, కారుతున్న పాత నిల్వను ఏమీ చేయలేదు. దడకు ప్రోప్రానొలాల్, నొప్పికి మాత్రలు ఇచ్చి కనిపెట్టుకుని ఉంటే చాలు. కొన్ని వారాలకు హైపో దశ వచ్చి, ఎక్కువమందిలో తానే సర్దుకుంటుంది.

గ్రేవ్స్‌కు కార్బిమజోల్ రోజుకు 15 నుంచి 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఫ్రీ టీ4, టీ3 చూస్తూ తగ్గిస్తారు. మొదటి నెలల్లో టీఎస్‌హెచ్‌ను పట్టుకుని డోసు పెంచకూడదు. హార్మోన్ మామూలుకొచ్చాక కూడా అది చాలాకాలం అణిగే ఉంటుంది, పెంచుకుంటూ పోతే మనిషి హైపోలోకి జారిపోతాడు. దడ, వణుకుకు మొదట్లో ప్రోప్రానొలాల్ వాడతారు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పనికిరాదు. కార్బిమజోల్ 12 నుంచి 18 నెలలు వాడి, టీఆర్ఏబీ నెగటివ్ అయ్యాకే ఆపడం మంచిది. ఆపాక దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు రేడియో అయోడిన్ లేదా ఆపరేషన్ గురించి ఆలోచించాలి. కళ్లు ఉబ్బి ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పొగతాగేవాళ్లకు, రేడియో అయోడిన్‌తో కంటి సమస్య ముదరొచ్చు.

కార్బిమజోల్ వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు వస్తే ఆ మాత్ర ఆపి, అదే రోజు రక్తకణాల లెక్క చేయించండి. వెయ్యిమందిలో రెండు నుంచి ఐదుగురికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. గొంతునొప్పి మామూలు జలుబేలే అని ఊరుకున్నచోట ప్రాణం మీదికొచ్చింది. కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి.

హైపర్ ఉన్న మనిషికి ఎక్కువ జ్వరం, విపరీతమైన గుండెవేగం, వాంతులు, మతి తప్పిన మాటలు కలిసి వస్తే అది థైరాయిడ్ స్టార్మ్. హైపో ఉన్న మనిషి ఒళ్లు చల్లబడి, మగతగా ఉండి, పిలిస్తే సరిగా పలకకపోతే మిక్సిడీమా కోమా మొదలైనట్టే. రెండింటికీ ఇంట్లో చేసేదేమీ లేదు, వెంటనే ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సమస్య: రిపోర్టుకూ మనిషికీ పొంతన లేదు

ఏ లక్షణమూ లేదు, రిపోర్టు చూస్తే తీవ్రమైన హైపర్. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటున్నారేమో అడగండి. కొన్ని ల్యాబు పద్ధతుల్లో బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. కనీసం రెండు రోజులు ఆపి మళ్లీ రక్తం ఇవ్వాలి.

ఫ్రీ టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ మాత్రం తక్కువ లేదా మామూలు: లోపం పిట్యూటరీలో ఉండొచ్చు. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయిస్తే ఇది దొరకదు. లీవోథైరాక్సిన్ మొదలుపెట్టే ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) చూడటం తప్పనిసరి. అది తక్కువున్న మనిషికి లీవోథైరాక్సిన్ ముందు ఇస్తే బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. ఆ తర్వాత డోసు సర్దేది కూడా ఫ్రీ టీ4 చూసే.

సమస్య: మాత్ర వాడుతుండగా గర్భం వచ్చింది

లీవోథైరాక్సిన్ మాత్ర ఆపొద్దు. గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే డోసు 25 నుంచి 30 శాతం పెంచాలి. సులువైన లెక్క: వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది. ఇలా చేయొచ్చా అన్నది గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకుంటే విలువైన వారాలు పోవు, ఎందుకంటే మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచుతూ, సగం నెలలు నిండేవరకు నాలుగు వారాలకోసారి పరీక్ష చేయించాలి. కార్బిమజోల్ వాడేవాళ్లు మాత్రం తెలిసిన రోజే డాక్టరును కలవాలి. మొదటి మూడు నెలల్లో దాని బదులు ప్రొపైల్‌థయోయురాసిల్ ఇస్తారు, కొందరికి మందే ఆపేయొచ్చు. కాన్పయ్యాక లీవోథైరాక్సిన్ పాత డోసుకు తెచ్చి, ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి.