యూనివర్సిటీ లెక్కలకు ఇంగ్లిష్: చిన్న మాటల దగ్గర మొదలుపెట్టండి

లెక్కల్లో పట్టు ఉండి ఇంగ్లిష్ దగ్గర ఆగిపోయే విద్యార్థి సాధారణంగా డిక్షనరీ ముందేసుకుని పెద్ద పెద్ద మాటలకు అర్థాలు రాసుకుంటూ కూర్చుంటాడు. ఆ శ్రమ చాలావరకు అక్కర్లేదు. కాంటిన్యుయస్, ఐసోమార్ఫిజం లాంటి మాటలకు డెఫినిషన్ పుస్తకంలోనే ఉంటుంది, అది అర్థమైతే మాట వచ్చినట్టే. అసలు తడబాటు ఎ, ద, లెట్, ఎనీ, సచ్ దట్, ఓన్లీ ఇఫ్ దగ్గర. వాక్యంలోని తర్కాన్ని మోసేవి అవే.

ముందు లెట్ సంగతి. "లెట్ ఎక్స్ ఈజ్ ఎ రియల్ నంబర్" అని చాలామంది రాస్తారు. లెట్ వచ్చాక ఈజ్ రాదు, బి వస్తుంది: "లెట్ ఎక్స్ బి ఎ రియల్ నంబర్." సపోజ్ వాడితే మాత్రం ఈజ్: "సపోజ్ దట్ ఎక్స్ ఈజ్ రేషనల్." తెలుగులో రెండూ 'అనుకుందాం' కావడంతో కలగలిసిపోతాయి. కొత్త అక్షరాన్ని తీసుకొచ్చేటప్పుడు లెట్ వాడండి. ఉన్నదాని మీద ఒక షరతు పెట్టేటప్పుడు, ముఖ్యంగా కాంట్రడిక్షన్‌తో నిరూపించేటప్పుడు, సపోజ్ వాడండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఆర్టికల్స్‌కి, అంటే ఎ, యాన్, ద లకి. తెలుగులో అవి లేవు కాబట్టి మనకు అలంకారంలా కనిపిస్తాయి, కానీ లెక్కల్లో వాటితో అర్థమే మారిపోతుంది. ఎక్స్ స్క్వేర్ = 4 తీసుకోండి. "ద సొల్యూషన్ ఈజ్ 2" అని రాస్తే పరిష్కారం ఒక్కటే అని చెప్పినట్టు, అంటే −2ను కాదన్నట్టు. "2 ఈజ్ ఎ సొల్యూషన్" అంటే సరిపోతుంది. ద రాసేముందు ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి: ఇలాంటిది ఇంకొకటి ఉండొచ్చా? ఉండొచ్చు అంటే ఎ. ఒక్కటే అయితే, లేదా పైన చెప్పుకున్నదే అయితే ద. ఆల్జీబ్రాలో వచ్చే గ్రూప్‌లో "ద ఐడెంటిటీ" అంటాం, ఎందుకంటే అది ఒక్కటే. ఆర్డర్ 5 ఉన్న (అంటే 5 మూలకాలున్న) సైక్లిక్ గ్రూప్‌కి జనరేటర్లు, అంటే ఒక్కటే గ్రూప్ మొత్తాన్ని పుట్టించగల మూలకాలు, 4 ఉంటాయి కాబట్టి వాటిలో దేన్నైనా "ఎ జనరేటర్" అంటాం. ఇంకో చిన్న సంగతి: ఎ రావాలో యాన్ రావాలో తేల్చేది అక్షరం కాదు, పలికే శబ్దం. అందుకే "యాన్ ఎన్ బై ఎన్ మ్యాట్రిక్స్", కానీ "ఎ యునీక్ సొల్యూషన్".

తర్వాత సచ్ దట్. తెలుగులో షరతు ముందొస్తుంది: "ఎఫ్ ఆఫ్ ఎక్స్ సున్నా అయ్యే ఎక్స్ ఒకటి ఉంది." ఇంగ్లిష్‌లో ఉండటం ముందు, షరతు వెనక: "దేర్ ఎగ్జిస్ట్స్ యాన్ ఎక్స్ సచ్ దట్ ఎఫ్ ఆఫ్ ఎక్స్ ఈజ్ జీరో." చదివేటప్పుడు సచ్ దట్ కింద గీత గీసి, దాని తర్వాతి ముక్కను ముందుకు తెచ్చి తెలుగులో ఒకసారి చెప్పుకోండి. ఎవ్రీ, దేర్ ఎగ్జిస్ట్స్ ఒకే వాక్యంలో వస్తే వాటి వరస మాత్రం కదపకండి. ప్రతి సహజ సంఖ్యకూ దానికన్నా పెద్దది ఒకటి ఉంది, ఇది నిజం. ప్రతి సహజ సంఖ్యకన్నా పెద్దదైన సహజ సంఖ్య ఒకటి ఉంది, ఇది అబద్ధం. మారింది వరస ఒక్కటే.

మన మాటతీరు తెచ్చిపెట్టే చిక్కు ఇంకొకటి ఉంది. "అందరూ రాలేదు" అంటే కొందరు వచ్చారని మనకు అర్థమవుతుంది. అదే అచ్చులో "ఆల్ కాంటిన్యుయస్ ఫంక్షన్స్ ఆర్ నాట్ డిఫరెన్షియబుల్" అని రాస్తే, ఒక్కటి కూడా కాదని చదువుకునే ప్రమాదం ఉంది. "నాట్ ఎవ్రీ కాంటిన్యుయస్ ఫంక్షన్ ఈజ్ డిఫరెన్షియబుల్" అని రాయండి. ఎనీ కూడా ఒక్కోచోట 'ప్రతి', ఒక్కోచోట 'ఏదో ఒకటి' అవుతుంది. మీరు రాసేటప్పుడు దాన్ని వదిలేసి ఎవ్రీ గానీ సమ్ గానీ వాడండి.

దిశ తప్పే మాటల్ని ఉదాహరణతోనే గుర్తుపెట్టుకోవాలి. "5 డివైడ్స్ 10" నిజం, "10 డివైడ్స్ 5" అబద్ధం. "సబ్‌ట్రాక్ట్ 3 ఫ్రమ్ 8" అంటే 8 − 3. "ఎన్ ఈజ్ డివిజిబుల్ బై 4 ఓన్లీ ఇఫ్ ఎన్ ఈజ్ ఈవెన్" నిజమే. అందులో ఓన్లీ తీసేస్తే సరిసంఖ్యలన్నీ 4తో భాగింపబడతాయని అవుతుంది, 6 దగ్గరే అది తప్పిపోతుంది.

సాధనకు రోజూ అరగంట చాలు. ఇప్పటికే బాగా అర్థమైన ప్రూఫ్ ఒకటి, 8–10 వరుసలది, ఎంచుకోండి. అర్థం కానిది తీసుకుంటే ఆగింది భాష దగ్గరో లెక్క దగ్గరో తేలదు. మొదట గుర్తులతో సహా పైకి చదవండి: ఎక్స్ సబ్ ఎన్, ఎన్ ఫ్యాక్టోరియల్, ఎఫ్ ఆఫ్ ఎక్స్. తర్వాత దాన్ని సొంత తెలుగులో రాసుకుని పుస్తకం మూసేయండి. మర్నాడు ఆ తెలుగు మాత్రమే చూస్తూ ఇంగ్లిష్‌లో రాయండి. అదే రోజు రాస్తే పుస్తకంలో వాక్యాలే నోటికొస్తాయి, సొంతంగా కట్టినట్టు కాదు. ఇప్పుడు పుస్తకం తెరిచి, పై చిన్న మాటల తేడాలు మాత్రమే ఎర్ర పెన్నుతో దిద్దండి. వాక్యం వేరేగా ఉన్నా అర్థం సరిగ్గా ఉంటే ముట్టుకోవద్దు. దిద్దిన వాక్యాన్ని ఒక నోట్‌బుక్‌లో మొత్తంగా ఎక్కించండి, విడి మాటగా రాసుకుంటే మళ్లీ వాడేటప్పుడు పనికిరాదు.

ఉచ్చారణలో పట్టించుకోవాల్సినవి కొన్నే. మ్యాట్రిక్స్‌కు బహువచనం మ్యాట్రిసీజ్, వర్టెక్స్‌కు వర్టిసీజ్. 'ఒక మ్యాట్రిసీ' అనే మాట లేదు. గణితవేత్త Euler పేరును పలకాల్సింది యూలర్ అని కాదు, ఆయిలర్ అని. రాతలో వాక్యాన్ని గుర్తుతో మొదలుపెట్టకండి: "ఎఫ్ ఈజ్ కాంటిన్యుయస్" బదులు "ద ఫంక్షన్ ఎఫ్ ఈజ్ కాంటిన్యుయస్" అనండి. ముందు వాక్యం కూడా గుర్తుతోనే ముగిసి ఉంటే, రెండూ ఒకే ఫార్ములాలా అతుక్కుపోయి కనిపిస్తాయి.