చెవి దిబ్బడ వేసిందా? అడ్డు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

అడ్డు కర్ణభేరికి ఇవతల ఉందో అవతల ఉందో తెలియకుండా చెవిలో ఏదీ పెట్టకూడదు, పోయకూడదు. ముందు నోరు మూసుకుని 'మ్‌...' అని కూనిరాగం తీయండి. దిబ్బడ వేసిన చెవిలోనే ఎక్కువగా వినిపిస్తే లోపం చాలావరకు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంటుంది. బాగున్న చెవిలో ఎక్కువగా వినిపిస్తే లోపలి చెవిని అనుమానించాలి. వినికిడి హఠాత్తుగా పడిపోతే మాత్రం ఈ పరీక్ష ఏం చెప్పినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. ఆలస్యమయ్యే కొద్దీ స్టెరాయిడ్ చికిత్సకు ఫలితం తగ్గుతుంది.

తలస్నానం చేయగానే దిబ్బడ, నొప్పి లేదు

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే నాళంలోని గులిమి నీటికి ఉబ్బింది. పెద్దవాళ్లలో ఈ నాళం సుమారు 2.5 సెం.మీ. ఉంటుంది. గులిమి తయారయ్యేది బయటి మూడో వంతులోనే. అక్కడి చర్మం మెల్లగా బయటికి జరుగుతూ దాన్ని తనంతట తానే తెచ్చి పడేస్తుంది. ఇయర్‌బడ్ పెడితే గులిమి నాళం లోపలి ఎముక భాగంలోకి పోయి గట్టిపడుతుంది. అక్కడ చర్మం చాలా పల్చన, గీసుకుంటే విపరీతమైన నొప్పి.

గులిమి మెత్తబడే చుక్కల మందు సీసాను గుప్పిట్లో పట్టుకుని ఒంటి వేడికి తెచ్చుకోండి. చల్లగా వేస్తే తల తిరుగుతుంది. పక్కకు పడుకుని, చెవి డొప్పను పైకి, వెనక్కి లాగి 3-4 చుక్కలు వేసి 5 నిమిషాలు అలాగే ఉండండి. ఇలా రోజుకు రెండుసార్లు, 3-5 రోజులు. మొదట దిబ్బడ ఇంకాస్త పెరగొచ్చు. అయినా వదలకపోతే డాక్టరు చేత తీయించుకోవాలి. చెవి కారుతున్నా, భేరికి చిల్లు ఉన్నా, గతంలో ఆపరేషన్ అయినా ఈ చుక్కలు వద్దు.

రంధ్రం ముందున్న మెత్తటి బొడిపెను నొక్కితే నొప్పి

బయటి నాళానికి ఇన్ఫెక్షన్. దురద, నల్లటి చుక్కలతో తెట్టు ఉంటే బూజు పట్టినట్టే. మిగిలిపోయిన యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే బూజు ఇంకా పెరుగుతుంది. నాళం శుభ్రం చేయించి, సరైన చుక్కలు రాయించుకోవాలి.

జలుబుతో దిబ్బడ, మింగితే టప్‌మనే చప్పుడు

ముక్కు వెనక నుంచి మధ్య చెవికి గాలి అందించే యూస్టేషియన్ నాళం వాచింది. గాలి అందక భేరి లోపలికి గుంజుకుపోతుంది, దాని వెనకున్న కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు సరిగా కదలవు. చుక్కలు అక్కడికి చేరనే చేరవు. ముక్కుకు ఉప్పునీటి స్ప్రే కొట్టండి, తరచూ మింగండి, ఆవలించండి. ముక్కు మూసుకుని గట్టిగా ఊదొద్దు. పసివాళ్లలో ఈ నాళం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టే వాళ్లకు చెవిపోటు ఎక్కువ. భేరి వెనక నీరు 3 నెలలు దాటినా తగ్గకపోతే వినికిడి పరీక్ష తప్పనిసరి.

చీము, దుర్వాసన

చిల్లు పడి ఉండొచ్చు, ఎముకను తినేసే కొలెస్టియటోమా అనే చర్మపు గడ్డ కూడా కావచ్చు. వెల్లుల్లి కాచిన నూనె అసలు పోయొద్దు. స్నానానికి ముందు వేజలిన్ రాసిన దూదిని రంధ్రం అంచున పెట్టి, తర్వాత తీసేయండి. మూతి వంకర పోయినా, చెవి వెనక వాచినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.