ఇంగ్లండ్ పల్లె చరిత్రను తవ్వి తీయడం ఎలా?

ఇంగ్లండ్‌లో పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు, దాని పొలాలు. ఊరు చిన్నదైనా దస్తావేజులకు కొదవ ఉండదు. ఉదాహరణకు డెర్బీషైర్‌లోని ఈమ్ గ్రామం. 1665లో లండన్ నుంచి దర్జీకి వచ్చిన బట్టలతో ప్లేగు వచ్చిందని, మతగురువు విలియం మాంపెసన్ మాట మీద జనం పొలిమేర దాటలేదని చెబుతారు. ఆ కథను కాసేపు పక్కన పెట్టండి.

ముందుగా పటం చూడండి. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన పాత పటాలు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితం. టైద్ అంటే పంటలో పదోవంతుగా చర్చికి కట్టే పన్ను; దాని మీద వచ్చిన 1836 చట్టం తర్వాత గీసిన టైద్ పటం దొరికితే, ఏ పొలం ఎవరిదో, ఎవరు సాగుచేశారో తెలుస్తుంది.

తర్వాత జిల్లా రికార్డు కార్యాలయానికి వెళ్లాలి. ఈమ్‌కైతే అది మాట్లాక్‌లో ఉంది. బాప్టిజం, పెళ్లి, ఖననం రిజిస్టర్లు రాయాలని 1538లో ఆదేశం వచ్చింది. అసలు ప్రతి పోతే బిషప్‌కు ఏటా పంపిన నకళ్లు అడగండి. తేదీల దగ్గర జాగ్రత్త! 1752కు ముందు అక్కడ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ‘1665 ఫిబ్రవరి’ అని రాసిన ఖననం మన లెక్కలో 1666ది. ఇది పట్టించుకోకపోతే ప్లేగు మృతులు ప్లేగు రాకముందే చనిపోయినట్టు తేలుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి చర్చి వార్డెన్ల, అంటే చర్చి ఆస్తినీ ఖర్చులనూ చూసే ఊరివాళ్ల, జమాఖర్చులు. మన కరణం లెక్కల్లాగే వాటిలో ఊరి బతుకంతా ఉంటుంది. పంటకు చేటని 1566 చట్టం కొన్ని జంతువుల తలలకు వెల కట్టింది. హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువుకు రెండు పెన్నీలు. ఆ చెల్లింపులు ఈ లెక్కల్లోనే కనిపిస్తాయి. పేదలకిచ్చిన సొమ్ము వివరాలు పేదల పర్యవేక్షకుల పుస్తకాల్లో దొరుకుతాయి.

1841 నుంచి 1921 వరకు జనగణన పత్రాలు ఇంటింటి పేర్లు చెబుతాయి. 1931వి 1942లో కాలిపోయాయి, వెతకకండి.

ఇప్పుడు కథను పరీక్షించండి. ఖననాలను నెలలవారీగా, ఇంటిపేర్లవారీగా రాసుకోండి. 1666 ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ పాతిపెట్టింది. రిజిస్టరు ఎవరు ఎప్పుడు పోయారో చెబుతుంది గానీ, మిగిలినవాళ్లు ఎందుకు కదల్లేదో చెప్పదు. అందుకు మాంపెసన్ ఉత్తరాలు చదవాలి. తన పిల్లలను మాత్రం ఆయన ముందే ఊరు దాటించారన్న సంగతినీ లెక్కలోకి తీసుకోవాలి.