కంపెనీ వార్షిక నివేదిక చదవడం – 4వ పాఠం: పార్టీ చందా ఏ పేజీలో ఉంటుంది?

కిందటి పాఠంలో లాభనష్టాల ఖాతా చూశాం. ఈసారి దాని వెనకున్న నోట్స్‌లోకి వెళ్దాం. మీరు వాటాలు కొన్న కంపెనీదో, కొందామనుకుంటున్న కంపెనీదో నివేదిక తెరిచి పక్కన పెట్టుకోండి. ఊరికే చదువుకుంటూ పోతే ఈ పాఠం ఒంటబట్టదు.

ముందుగా 'ఇతర ఖర్చులు' అన్న నోట్ పట్టుకోండి. అద్దె, కరెంటు, ప్రయాణాలు, లాయర్ల ఫీజులు వరసగా ఉంటాయి. రాజకీయ పార్టీలకు చందా ఇచ్చి ఉంటే అది ఎక్కువగా ఆ వరసలోనో, కింద చిన్న అక్షరాల వివరణలోనో దొరుకుతుంది. కంపెనీల చట్టం, 2013లోని 182వ సెక్షన్ ప్రకారం ఎంత ఇచ్చారో, ఏ పార్టీకి ఇచ్చారో రెండూ చెప్పాలి. గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం దాటకూడదు. 2017లో ఈ పరిమితినీ, పార్టీ పేరు చెప్పాలన్న నియమాన్నీ ఎత్తేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లతో (ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చేందుకు బ్యాంకులో కొనే పత్రాలతో) పాటు ఆ సవరణలనూ కొట్టేసింది. అందుకే ఆ మధ్యకాలపు నివేదికల్లో మొత్తం ఒక్కటే ఉండి, పార్టీ పేరు ఉండకపోవచ్చు. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్న సంగతి కూడా 2024 మార్చిలో ఎన్నికల సంఘం జాబితా పెట్టాకే జనానికి తెలిసింది. వాటాదారుల సొమ్ము ఏ పార్టీకి పోయిందో వాటాదారులకే చెప్పక్కర్లేదన్న ఏర్పాటు అన్నేళ్లు నడవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

'ఎలక్టోరల్ ట్రస్టుకు విరాళం' అని ఉంటే అక్కడితో ఆగకండి. ఇది కంపెనీల చందాలు తీసుకుని పార్టీలకు పంచే సంస్థ. ట్రస్టు ఎన్నికల సంఘానికిచ్చే వార్షిక నివేదికలో ఎవరెవరు ఇచ్చారో, ఏయే పార్టీలకు వెళ్లిందో ఉంటుంది.

ఇక బోర్డు రిపోర్టుకు జోడించిన సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద కంపెనీ చేసే ఖర్చు) అనుబంధం తీయండి. మూడేళ్ల లాభాలు 80, 100, 120 కోట్లు అనుకుందాం. సగటు 100 కోట్లు. సీఎస్ఆర్‌కు కనీసం 2 కోట్లు పెట్టాలి, పార్టీలకు 7.5 కోట్ల దాకా ఇవ్వొచ్చు. పార్టీకిచ్చిన రూపాయిని సీఎస్ఆర్‌లో చూపడానికి నిబంధనలు ఒప్పుకోవు. మీ సగటుకూ కంపెనీ చూపిన సగటుకూ తేడా వస్తే కంగారుపడకండి, సీఎస్ఆర్‌కు లాభాన్ని 198వ సెక్షన్ ప్రకారం వేరేగా లెక్కగడతారు. ఖర్చుకాకుండా మిగిలిన సొమ్ము గడిని మాత్రం వదలొద్దు.

చందాకైనా, సీఎస్ఆర్‌కైనా ఆమోదం చెప్పేది బోర్డే. కాబట్టి అక్కడ ఎవరు కూర్చున్నారో చూడాలి. లిస్టెడ్ కంపెనీలన్నిట్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలని చట్టం. ప్రమోటర్ల (కంపెనీని తమ చేతిలో ఉంచుకున్న యజమానుల) ఇంట్లోవాళ్లనే కూర్చోబెట్టి ఆ లెక్క సరిపెట్టిన కంపెనీలు చాలా ఉన్నాయి. దాంతో 2020 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీల్లో కనీసం ఒక మహిళ ఇండిపెండెంట్ డైరెక్టరే (కంపెనీతో, ప్రమోటర్లతో సంబంధం లేని డైరెక్టరే) అయ్యుండాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. కార్పొరేట్ గవర్నెన్స్ రిపోర్టులోని పట్టికలో ఆమె ఎన్ని సమావేశాలకు హాజరయ్యారో, ఆడిట్ కమిటీలో ఉన్నారో లేదో చూడండి. సంఖ్య కన్నా ఇదే ముఖ్యం.

అభ్యాసం: ఒకే కంపెనీవి మూడేళ్ల నివేదికలు తీసుకుని చందా, సీఎస్ఆర్ ఖర్చు, మిగులు, మహిళా డైరెక్టర్ల హాజరు ఒక కాగితం మీద రాయండి. సీఎస్ఆర్ సొమ్ము అందుకున్న సంస్థల పేర్లూ రాసిపెట్టుకోండి. వాటిలో ప్రమోటర్ల కుటుంబ ఫౌండేషన్ ఉందేమో 'రిలేటెడ్ పార్టీ' (కంపెనీకి దగ్గరి సంబంధం ఉన్నవాళ్లు; రాజకీయ పార్టీ కాదు) నోట్‌లో ఎలా వెతకాలో 5వ పాఠంలో చూద్దాం.